నలభై ఏడో నంబరు

మునికుమార్ నాలుగు రోజుల్లో నూట పన్నెండు పరిశోధనలు చదివేశాడని కాలేజీ స్టాఫ్‌రూమంతా వారం రోజులు చెప్పుకుంది. ఆ సంగతి మొదట చెప్పింది కూడా మునికుమారే.

ఉషారాణి చెవిన అది లైబ్రరీలో పడింది. మదనపల్లెలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె ఇరవై రెండేళ్ళుగా లైబ్రేరియన్. ఎవరు పుస్తకం చదివి తిరిగిచ్చారో, ఎవరు తెరవకుండానే తెచ్చి బల్లమీద పడేశారో అట్ట చూసి చెప్పగలదు. జువాలజీ శాఖకు పెద్ద అయిన డాక్టర్ మునికుమార్ ఈ ఇరవై రెండేళ్ళలో లైబ్రరీలో అడుగు పెట్టింది తొమ్మిదిసార్లు. అందులో ఏడుసార్లు ఎండాకాలంలో ఏసీ కోసం, ఒకసారి తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు ఫొటో కోసం. మిగిలిన ఒక్కసారి ఎందుకొచ్చాడో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అలాంటి మనిషి నూట పన్నెండు చదివాడంటే ఆమెకు నవ్వు కూడా సరిగ్గా రాలేదు.

ఆయన రాసింది సమీక్షా వ్యాసం. పడమటి మండలాల్లో పట్టుపురుగుల పెంపకం మీద ఇన్నేళ్ళలో ఎవరెవరు ఏం పరిశోధన చేశారు, ఏది తేలింది, ఏది తేలలేదు, అన్నీ చదివి ఒకచోట కూర్చి చెప్పాలి. నిజాయితీగా చేస్తే రెండేళ్ళ పని. మునికుమార్ దాన్ని ఏఐకి అప్పగించి, మధ్యమధ్య టీ తాగుతూ నాలుగు రోజుల్లో ముగించాడు. కుప్పంలో ఒక పట్టు పరిశోధకుల సంఘం పెట్టే సదస్సులో దాన్ని చదవబోతున్నాడు. వ్యాసం కింద నూట పన్నెండు ఆధారాల జాబితా, ఒకటి నుంచి నూట పన్నెండు దాకా నంబర్లతో, చూడ్డానికి పెళ్ళి సామాన్ల పట్టీలా ఉంది.

వచ్చిన చిక్కల్లా సంఘంవాళ్ళు పెట్టిన ఒక నిబంధన. ఆధారంగా చూపిన ప్రతి వ్యాసానికీ ఒక ప్రతి ఫైల్లో పెట్టి తేవాలి. ప్రిన్సిపాల్ ఆ పని ఉషారాణికి పురమాయించాడు.

ఆమె ఆరు రోజులు వెతికింది. తొంభై మూడు దొరికాయి. పందొమ్మిది దొరకలేదు.

దొరక్కపోవడం ఒక రకంగా లేదు. ఒకదానికి పత్రిక ఉంది, సంవత్సరం ఉంది, ఆ పేజీల్లో మాత్రం రొయ్యల మీద వ్యాసం ఉంది. ఇంకోదానికి రచయిత ఉన్నాడు గానీ ఆయన గుండె డాక్టరు, జన్మలో పట్టుపురుగు జోలికి పోలేదు. మరొకటి పన్నెండో సంపుటంలో అచ్చయిందట. ఆ పత్రిక ఎనిమిదో సంపుటంతోనే మూతపడింది. ఉషారాణి ఎర్రపెన్ను తీసుకుని ఒక్కొక్కదాని పక్కన 'లేదు' అని రాసుకుంటూ పోయింది. మొదటి నాలుగింటికి కోపమొచ్చింది. తరువాత సరదా పుట్టింది. 'లేదు'తో ఆగకుండా పక్కన వ్యాఖ్యలు కూడా రాయడం మొదలుపెట్టింది. 'పత్రికే లేదు.' 'ఊరే లేదు.' నలభై ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆమె మంచి ఊపులో ఉంది. 'కుప్పుస్వామి ఎం., పుంగనూరు. వేసవి పంటలో తడి ఆకు మేత. 1996.' పేరూ ఊరూ చూడగానే ఆమెకు నవ్వొచ్చింది. అంత సులువుగా కల్పించిన పేరు ఇంకోటి ఉండదనుకుంది. ఒక్కసారి కంప్యూటర్లో కొట్టి చూసింది. రాలేదు. 'వ్యాసమూ లేదు, మనిషీ లేడు' అని ఎర్రగా రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఆ జాబితా పట్టుకుని జువాలజీ శాఖకు వెళ్ళింది.

"సార్, ఇందులో పందొమ్మిది లోకంలో లేవు" అంది.

మునికుమార్ ఫోనులోంచి తలెత్తాడు. "లేకపోవడమేందమ్మా? ఏఐ ఇచ్చిందవి. మీరు సరిగ్గా ఎతకలేదేమో."

"ఆరు దినాలు ఎతికినాను సార్. మీరు ఇందులో ఒక్కటన్నా తెరిచి సూసినారా?"

"నూట పన్నెండు తెరిచి సూస్తా కూర్చుంటే నా రిటైర్‌మెంటు అయిపోతాది. దానికే కదమ్మా టెక్నాలజీ ఉండేది." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ లైబ్రరీవాళ్ళకు ఇంకా అట్ట, బైండింగు, దుమ్ము, ఇవే ప్రపంచం. సరే వదిలెయ్యండి, ఆ పందొమ్మిదీ నేనే తెప్పిస్తా."

మరుసటి రోజు పదకొండు గంటలకే తెప్పించాడు. అటెండరు చేత పంపిన కాగితాల కట్ట విప్పి ఉషారాణి ఒక్కొక్కటీ తిరగేసింది. పందొమ్మిది వ్యాసాలూ ఉన్నాయి. ఒక్కోటి సరిగ్గా రెండు పేజీలు. అక్షరం ఒకటే, అంచు ఒకటే. బెంగుళూరువాడు రాసినా బీహారువాడు రాసినా, 1988లో రాసినా 2019లో రాసినా, అందరూ 'ఈ దిశలో మరింత పరిశోధన అవసరం' అనే ముగించారు.

ఆమె ఫోను చేసింది. "సార్, ఇవి యాడ దొరికినాయి?"

"ఏఐనే అడిగినా. టకటకా ఇచ్చేసింది. సూసినారా, ఆరు దినాలు అన్నారే!"

లేని వ్యాసాల పేర్లు చెప్పినందుకు యంత్రాన్ని తిట్టాలని కూడా ఆమెకు అనిపించలేదు. అది అడిగినవాడికి అడిగింది ఇచ్చింది. దొంగ సాక్షిని తెచ్చి, అతను ఇంకా చాలడంలేదని అతని చేతే ఇంకో పందొమ్మిది మందిని తెప్పించుకున్న పెద్దమనిషి మీదే ఆమెకు అసహ్యం వేసింది. పైగా ఆయన పేరు ముందు డాక్టర్ అని రాయాలి, రాయకపోతే కాగితం వెనక్కి పంపుతాడు.

ఆ సాయంత్రం మెహ్రీన్ లైబ్రరీకి వచ్చింది. మునికుమార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, రోజూ పుంగనూరు నుంచి బస్సులో వస్తుంది. వాళ్ళ నాన్న నూరుల్లా పట్టుగూళ్ళు కొని దారం తీయించేవాడు. సమీక్షా వ్యాసం మీద ఆమె పేరు కూడా ఉంది. తనను అడక్కుండానే పెట్టారని, తీసెయ్యమంటే గైడుకు కోపమొస్తుందని భయపడుతూ చెప్పింది.

"ఏం భయపడబాకు. ఆయన సదస్సులో సదివేటప్పుడే ఈ జాబితా లేచి సదువుతా. అప్పుడు ఆ వ్యాసమే తీసేస్తారు, ఇంక నీ పేరు యాడా ఉండదు" అని ఉషారాణి ఎర్రగీతల కాగితం ఆమె ముందుకు తోసింది.

మెహ్రీన్ కిందిదాకా చూసి, మళ్ళీ పైకి వచ్చి ఒకచోట వేలు పెట్టింది. "మేడమ్, ఈ కుప్పుస్వామి సారు మా వీధి ఎనకాలే ఉండాడు. పట్టుశాఖలో పనిచేసి రిటైరయినాడు. మా అబ్బాకు బాగా తెలుసు."

ఉషారాణి ముఖం వెలిగింది. లేని పరిశోధనను ఉన్న మనిషికి అంటగట్టారన్నమాట. అంతకంటే బలమైన సాక్ష్యం ఇంకేం కావాలి? 'నేను ఇది రాయలేదు' అని ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటే మునికుమార్ ముఖం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే కనిపించింది. ఆదివారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కింది.

కుప్పుస్వామి ఎనభైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, బిగిసిన వేరులా ఉన్నాడు. వసారాలో కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుస్తున్నాడు. మెహ్రీన్ ఇద్దరినీ పరిచయం చేసింది. ఉషారాణి వచ్చిన పని చెప్పి, "మీ పేరుతో దొంగ వ్యాసం ఒకటి పుట్టించినారు సార్. మీరు రాయలేదని రెండు ముక్కలు రాసిస్తే చాలు" అంది.

"వ్యాసం పేరేంది?"

చెప్పింది.

"రాసినానే" అన్నాడు ముసలాయన.

ఉషారాణికి సరిగ్గా వినబడలేదనిపించింది. ఆయన గంప పక్కకు జరిపి చేయి చాచాడు. "ఏదీ, ఆ కాయితం ఇట్లియ్యి."

ఇవ్వకుండా ఉండే మార్గం తోచలేదు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని నలభై ఏడో నంబరు దాకా వేలితో దిగాడు. ఎర్ర అక్షరాలు చదివాడు. కింద గీసిన రెండు గీతలు కూడా చూశాడు. తరువాత లోపలికి తిరిగి, "చెంగమ్మా! నేను లేనంట. మదనపల్లె నుంచి రాయించుకోని వచ్చినారు" అని అరిచాడు.

"అట్లయితే సంగటి ఒక ముద్ద తక్కువ చేస్తాలే" అని లోపలినుంచి ఆయన భార్య జవాబిచ్చింది.

మెహ్రీన్ నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. ఉషారాణి చెవులు కాలిపోయాయి. "తప్పయిపోయింది సార్" అంది. ఒకేఒక్కసారి కంప్యూటర్లో కొట్టి, పుంగనూరు కుప్పుస్వామి అనేవాడు పరిశోధన చేసి ఉండడులే అనుకుని ఒక మనిషిని కొట్టేసింది. పెద్ద ఊరి పేరు, పెద్ద చదువు పేరు ఉంటే ఇంకో నాలుగుసార్లు వెతికేదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. యంత్రానికి ఆ మనిషి ఉన్నాడన్న మాటైనా తెలిసింది.

ఆయన లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చాడు. సైక్లోస్టైలు తీసి, దారంతో కుట్టిన పుస్తకం. 1996లో కుప్పం దగ్గర జరిగిన రైతుల సమావేశంలో చదివిన వ్యాసాలవి. నాలుగేళ్ళ క్రితం ఎవరో కుర్రవాళ్ళు వచ్చి దాన్ని ఫోనుతో ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టుకుంటామన్నారట. ఆయన వ్యాసం ఇరవై మూడో పేజీలో ఉంది. శీర్షిక పూర్తిగా ఇలా ఉంది: 'వేసవి పంటలో తడి ఆకు మేత – నష్టాలు'.

ఉషారాణి ఆ చివరి మాట రెండుసార్లు చదివింది. సంచిలోంచి మునికుమార్ వ్యాసం తీసి ఆ భాగం వెతికి ఆయనకు ఇచ్చింది.

కుప్పుస్వామి పైకే చదివాడు. "'వేసవిలో మల్బరీ ఆకును నీటితో తడిపి మేపడం వల్ల గూళ్ళ దిగుబడి పద్దెనిమిది శాతం పెరుగుతుందని కుప్పుస్వామి నిరూపించారు.'" కాగితం కింద పెట్టాడు. అంతదాకా ఉన్న వేళాకోళం ఆయన ముఖంలోంచి పోయింది.

"మూడు ఎండాకాలాలు తిరిగినానమ్మా, నలభై షెడ్లు. ఎండకు ఆకు వాడిపోతాదని నీళ్ళు సల్లి మేపేవాళ్ళు. పురుగులకు రోగమొచ్చి తట్టలు తట్టలు సచ్చేవి. గోడలకు గోనెపట్టాలు కట్టి వాటిని తడపండి, ఆకును తడపబాకండి అని దీంట్లో రాసినా. పద్దెనిమిది శాతం తగ్గిందని రాసినా. పెరిగిందని ఈయప్ప రాసినాడు. దీన్ని రైతులకు సెప్తాడా?"

"కుప్పంలో సెప్తాడు సార్. రైతుల్ని కూడా పిలిచినారు."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

"నేనూ వస్తా" అన్నాడు కుప్పుస్వామి. చెంగమ్మ లోపలినుంచి ఏదో అంది. ఆయన వినిపించుకోలేదు.

సోమవారం ఉషారాణి మళ్ళీ మునికుమార్ గదికి వెళ్ళింది. ఎంత ఏవగించుకున్నా, చెప్పకుండా నలుగురిలో నిలబెట్టడం ఆమెకు నచ్చలేదు. పుస్తకం ఫొటో తీసిన పేజీలు బల్లమీద పెట్టి, ఆ ముక్క తలకిందులుగా ఉందని చెప్పింది. ఆయన పేజీల వైపు చూడనైనా చూడలేదు. "ఒక్క నంబరుకు ఇంత రాద్ధాంతమా? మిగతా నూట పదకొండు ఉండాయి కదమ్మా. స్లైడ్లు అయిపోయినాయి, ఇప్పుడు మార్చలేను" అన్నాడు. ఆ పేజీల మీద టీ గ్లాసు పెట్టాడు.

శుక్రవారం కుప్పంలో ఒక కల్యాణ మండపంలో సదస్సు. ముందు వరుసల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు, వెనక వరుసల్లో పలమనేరు వైపు నుంచి, వి.కోట వైపు నుంచి బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టిన పట్టురైతులు. సభకు అధ్యక్షుడు సురేంద్ర అనే రిటైరైన శాస్త్రవేత్త. ఆయన ప్రతి వక్తకూ శాలువా కప్పి, చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఉషారాణి, మెహ్రీన్, వాళ్ళ మధ్య కుప్పుస్వామి ఏడో వరుసలో కూర్చున్నారు.

మునికుమార్ కొత్త చొక్కాలో వేదికెక్కాడు. నూట పన్నెండు పరిశోధనల సారం అన్నాడు. ఈ ప్రాంతంలో ఇంత విస్తృతమైన సమీక్ష ఇదే మొదటిదన్నాడు. స్లైడు మీద స్లైడు పోతూ ఉంది. తడి ఆకు స్లైడు వచ్చింది. పద్దెనిమిది శాతం అంకె ఎర్రగా, చుట్టూ గుండ్రంతో మెరిసింది.

వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. "తడి ఆకు మేపితే పురుగు సస్తాదప్పా!" వి.కోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన రోజా అనే రైతు. పక్కవాళ్ళు కొంగు పట్టి లాగుతున్నా ఆమె కూర్చోలేదు.

మునికుమార్ ఓర్పుగా నవ్వాడు. "అమ్మా, మీ అనుభవం వేరు, ఇది శాస్త్రీయంగా నిరూపించింది. కుప్పుస్వామి అనే గొప్ప పరిశోధకుడు ఎప్పుడో తేల్చేసినాడు."

కుప్పుస్వామి ముందు కుర్చీ పట్టుకుని లేచాడు. "నేను యాడ తేల్చినానప్పా?"

మునికుమార్ కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "మీరెవరండీ?"

"నలభై ఏడో నంబరు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఉషారాణి లేచి చెప్పింది. "ఈయనే సార్, మీరు సెప్పిన కుప్పుస్వామి. పుంగనూరు నుంచి వచ్చినాడు."

ముసలాయన గొంతు పెంచలేదు. కుట్టిన పుస్తకం తెరిచి ఇరవై మూడో పేజీ చదివాడు. ఆకు తడపకూడదన్న మాట, గోనెపట్టాల మాట, పద్దెనిమిది శాతం నష్టమన్న మాట, మూడూ మూడు వాక్యాలు. వెనక వరుసల్లో ఎవరో పక్కున నవ్వారు. తరువాత నవ్వు వరుస తరువాత వరుసగా ముందుకు పాకింది. కోట్లవాళ్ళు కూడా నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వు దీన్ని సదివినావా నాయనా?" అని అడిగాడు కుప్పుస్వామి.

మునికుమార్ మైకు సర్దుకున్నాడు. "ఇది... సాఫ్ట్‌వేర్‌లో చిన్న పొరపాటు..."

"సాఫ్ట్‌వేరును అడగలేదు. నిన్ను అడుగుతాండా."

మునికుమార్ తల తిప్పి స్లైడు వైపు చూశాడు. ఉషారాణి చేతిలో జాబితా ఉంది. మిగిలిన పద్దెనిమిది పేర్లూ చదవాలని వారం రోజులుగా ఉవ్విళ్ళూరింది. వేదిక మీద నిలబడిన మనిషిని చూశాక ఆ ముచ్చట తీరిపోయింది. వెళ్ళి కాగితం సురేంద్ర చేతిలో పెట్టి వచ్చింది. ఆయన ఒక పేజీ చూసి, రెండో పేజీ చూసి, మైకు తీసుకుని టీ విరామం ప్రకటించాడు. ఆ విరామంలోనే ఎవరో కుప్పుస్వామికి శాలువా కప్పబోయారు. ఆయన దాన్ని రోజా భుజాన వేసి, టీ కోసం వరుసలో నిలబడ్డాడు.

సాయంత్రం కుప్పం బస్టాండులో మునికుమార్ ఉషారాణిని వెతుక్కుంటూ వచ్చాడు. "మీరు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినారు" అన్నాడు.

"సోమవారం మీ గదిలోనే సెప్పినా సార్. దానిమీద టీ గ్లాసు పెట్టినారు."

"ఇప్పుడు అందరూ ఇట్లనే చేస్తాండారు. నేనొక్కడినేనా? నన్నే యాల పట్టుకుంటారు?"

"అందరి జాబితాలు నా బల్లమీదికి రాలేదు" అని ఆమె పలమనేరు బస్సు వైపు నడిచింది.

సంఘంవాళ్ళు ఆ వ్యాసాన్ని సదస్సు సంచికలోంచి తీసేశారు. కాలేజీలో మాత్రం మునికుమార్‌కు ఏమీ కాలేదు. నెల తిరక్కుండా ప్రిన్సిపాల్ కాలేజీలో కృత్రిమ మేధ విభాగం ఒకటి పెట్టి, అనుభవం ఉన్న మనిషని ఆయన్నే దానికి కన్వీనరు చేశాడు. ప్రారంభం రోజు బ్యానరు మీద ఆయన ఫొటో ప్రిన్సిపాల్ ఫొటో కంటే కొంచెం పెద్దదిగా పడింది. ఉషారాణి దాని ముందునుంచి వెళ్తూ ఒకసారి ఆగి, పైనుంచి కిందిదాకా చూసి, వెళ్ళి లైబ్రరీ తాళం తీసింది.

ఆమెకు వేరే పని ఉంది. ఆ మిగిలిన పద్దెనిమిదీ మళ్ళీ మొదటినుంచి వెతికింది. ఈసారి కంప్యూటరుతో ఆగలేదు. బెంగుళూరుకు, మైసూరుకు, అనంతపురానికి ఉత్తరాలు రాసింది, లైబ్రరీవాళ్ళకు ఫోన్లు చేసింది. ఇంకొకటి కూడా నిజంగా ఉన్నదేనని తేలింది. అచ్చులో రచయిత్రి ఇంటిపేరు తప్పు పడింది, అంతే. ఎర్ర అక్షరాలు కొట్టేసి, సురేంద్రకు సవరణ పంపింది. ఎవరూ అడగలేదు. ఆయన దగ్గరనుంచి జవాబూ రాలేదు.

మెహ్రీన్ గైడును మార్చుకుంది. దానికి ఆరు నెలలు పట్టింది, వాళ్ళ అబ్బా రెండుసార్లు వచ్చి ఆఫీసు ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల తన సమీక్ష తనే రాసుకుంటోంది. పాత వ్యాసాలన్నీ స్కాన్ చేసి ఏఐకి ఇస్తుంది. వేసవి పంట గురించి ఏ వ్యాసంలో ఏ పేజీలో ఉందో వెతికి పెట్టమంటుంది. తరువాత ఆ పేజీ తెరిచి తను చదువుతుంది.

"అదే సదివి సెప్తాది కదా, నువ్వు యాల మళ్ళీ సదువుతావు?" అని ఉషారాణి ఒకరోజు కావాలనే కెలికింది.

"అది యాడుందో సెప్తే చాలు మేడమ్. ఏముందో నేను సూసుకుంటా" అంది మెహ్రీన్, తలెత్తకుండా.

మూడు నెలల్లో ముప్పై ఒకటి చదివింది. ముప్పై ఒకటేనా అని మునికుమార్ స్టాఫ్‌రూములో నవ్వాడని తెలిసి ఉషారాణి తను కూడా నవ్వింది, వేరే కారణానికి.

ఆ తరువాత ఒక ఆదివారం మెహ్రీన్ పుంగనూరులో కుప్పుస్వామి ఇంటికి వెళ్ళింది. ఉషారాణిని కూడా రమ్మంది. పిల్ల చేతిలో ఆయన వ్యాసం జిరాక్సు, పక్కన పెన్సిలుతో రాసుకున్న లెక్కలు ఉన్నాయి. కాసేపు నసిగి, చివరికి చెప్పేసింది.

"సార్, ఇరవై అయిదో పేజీలో పట్టిక ఉండాది కదా. రెండో ఎండాకాలం రోగమొచ్చిన షెడ్లు కూడితే పదమూడు వస్తాది. మీరు పద్నాలుగు అని రాసినారు. నష్టం పద్దెనిమిది కాదు, పదిహేడు శాతమే వస్తాది."

కుప్పుస్వామి ముఖం ఎర్రబడింది. "నా లెక్క తప్పా?" అని జిరాక్సు లాక్కున్నాడు. వేళ్ళు మడుస్తూ కూడాడు. మళ్ళీ కూడాడు. చెంగమ్మ పళ్ళెంలో సంగటి, నంజుకోను ఊరిబిండి తెచ్చి పెట్టి పోయింది. ఆయన ముట్టలేదు. మూడోసారి కూడి, మెహ్రీన్ చేతిలోని పెన్సిలు తీసుకుని, పద్నాలుగును కొట్టేసి పక్కన పదమూడు అని రాశాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళకు ఒకరు సదివినారు" అన్నాడు.

తరువాత పళ్ళెం దగ్గరికి జరుపుకుని, "మిగిలిన పట్టికలు కూడా సూసినావా?" అని మెహ్రీన్‌ను అడిగాడు.